పాత కార్డు

పెద్దక్క మిషన్ను తలపైకి ఎత్తి పట్టుకుంది. అరచేతిలో ఇమిడే ఆ కంప్యూటర్ తెర మీద ‘నెట్‌వర్క్ లేదు’ అన్న ముక్క కదల్లేదు. అరల వరుస చివరిదాకా నడిచింది, గోడ వారగా తిప్పి చూసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పెట్టె మీది బార్‌కోడ్ గీతలకు చూపిస్తే మిషను కూత పెట్టింది గానీ, ఆ లెక్క ఆఫీసు గదికి చేరడం లేదు. గోడౌన్లోని ఆ చలిగదిలో వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంట్లో చాకిరీ చాలనట్టు, ఈ దిక్కుమాలిన దాన్ని కూడా బతిమాలాలి కాబోలు.

అన్ని మిషన్లకూ ఒకే రకం వైర్‌లెస్ కార్డు ఉండాలని పైవాళ్లకు ముచ్చట పుట్టింది. పోయిన వారం కంప్యూటర్ల మనిషి వచ్చి పాత కార్డులు పీకి, కొత్తవి దూర్చి, చేతులు దులుపుకుని వెళ్లాడు. కొత్త మిషన్లకు అవి బాగానే పడ్డాయి. పాతవి రెండే ఉన్నాయి, పెద్దక్కది, ఆమె తోడికోడలిది. వాటిలో కొత్త కార్డు దూరుతుంది, దీపం కూడా వెలుగుతుంది, కాసేపటికే చచ్చి ఊరుకుంటుంది. పెద్దక్క అది మొదటి రోజే పసిగట్టి, పీకిన తన పాత కార్డు పోయిందని అబద్ధమాడి దాచుకుని, మళ్లీ తన మిషన్లోనే పెట్టుకుంది.

మొన్న తోడికోడలు కోట్లు తగిలించే చోట నిలబడి ఏడ్చింది.

“నన్ను తీసేస్తారక్కా. ఈ పని పోతే మీ మరిది నన్ను మళ్లీ గడప దాటనివ్వడు.”

పెద్దక్క తన మిషన్లోంచి పాత కార్డు తీసి ఆమె మిషన్లో పెట్టింది. ఈ పనిలో ఆమెను చేర్పించింది కూడా తనే. పైగా ఆ పిల్లంటే ఇష్టం.

సాయంత్రం సూపర్‌వైజర్ ఇద్దరినీ పిలిచి తన కంప్యూటర్లో లెక్క చూపించాడు.

“రోజంతా ఏం చేశారక్కా? ఖాళీగా తిరిగినట్టే ఉంది.”

“చేశానయ్యా. కార్డు పడట్లేదు దీనికి.”

“ఆవిడదీ అదే మిషను, అదే కార్డు కదా.” తోడికోడలి వైపు తిరిగాడు. “ఏమ్మా, నీకేమైనా ఇబ్బందిగా ఉందా?”

తోడికోడలు కోటు గుండీ తిప్పుతూ నిలబడింది.

“నాకు బాగానే ఉందండీ,” అంది.

పెద్దక్క నోరు తెరిచింది. దాని మిషను విప్పి చూడండి అంటే తేలిపోతుంది. కానీ కార్డు దాచిన సంగతి బయటపడితే ఇద్దరినీ గెంటేస్తారు. తోడికోడలు తన వైపు ఒక్కసారి చూసి ఉంటే, నోరు మూసుకోవడం ఇంత కష్టమయ్యేది కాదు. ఆ పిల్ల చూడలేదు. రేపటి నుంచి రావద్దని సూపర్‌వైజర్ మెత్తగానే చెప్పాడు.

గుమ్మం దగ్గర తోడికోడలు వెంటపడింది.

“అక్కా, ఆగు. నేనూ వస్తా.”

“నీ మిషను ఛార్జింగులో పెట్టుకుని రా. పొద్దున్నే పనుంది నీకు.”

తిట్టి ఉంటే తోడికోడలికి ఏడ్చే వీలుండేది. పెద్దక్క అది కూడా మిగల్చకుండా రోడ్డు మీద జనంలో కలిసిపోయింది.

చలిగది తలుపు పక్కన కొక్కేనికి పెద్దక్క కోటు వేలాడుతోంది. పొడుగయ్యాయని మడిచి ఎర్ర దారంతో కుట్టుకున్న చేతుల చివర్ల నుంచి, కరిగిన మంచు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.