ముసురు విడిచాక మోగిన రాయి

నేను ఒక పలకరాయిని. మార్కాపురం పక్కన ఒక గనిలో, మనుషుల నెత్తిమీద కప్పులా వేలాడుతూ చాలాకాలం ఉన్నాను. నా కింద నలిగి ఒక మనిషి చచ్చిపోయాడు. చంపాలని నాకు లేదు. ఆపే దారీ లేదు.

పుట్టినప్పుడు నేను మెత్తన. మనిషనేవాడు లేని కాలంలో, సముద్రం అడుగున బురదగా పేరుకున్నాను. నా మీద ఇంకో పొర, దాని మీద మరొకటి. ఆ బరువుకు ఒంట్లో నీళ్లన్నీ పిండుకుపోయి గట్టిపడ్డాను. అంతటితో వదల్లేదు. భూమి పక్కనుంచి నెట్టింది, కిందనుంచి కాల్చింది. నాలోని రేణువులన్నీ తిరిగి ఒకే వరసలో పడుకున్నాయి. అందుకే ఉలి పెట్టి కొడితే అట్టల్లా విడిపోతాను. మనుషులు దాన్ని నాణ్యత అన్నారు. నా మీద పిల్లల చేత అఆలు దిద్దించారు.

తర్వాత నేల పైకి లేచింది. మీదున్న మట్టి వానలకు కొట్టుకుపోయింది. బరువు దిగితే మీకు హాయి. నాకు మాత్రం వెనక, ఎవరికీ కనిపించని చోట, ఒక చీలిక తెరుచుకుంది.

మంచి రాయి అడుగున దొరుకుతుందని గనివాళ్లు నన్ను పైన వదిలేసి కిందనుంచి తొలిచారు. దిగేముందు గునపంతో నన్ను తట్టి వినేవారు. ఖంగుమంటే దిగాలి, డొల్లగా పలికితే దిగకూడదు. ఆ ఎండాకాలమంతా నేను డొల్లగానే పలికాను. వాళ్లు తిట్టుకుంటూ పక్క గుంటలో పని చూసుకున్నారు. బతికారు.

ముసురు పట్టి విడిచిన పొద్దున మేస్త్రి గురవయ్య మళ్లీ తట్టాడు. ఖంగుమన్నాను. వాననీటితో దిగిన ఒండ్రు నా చీలికలో నిండుగా కూరుకుంది మరి. వానకు రాయి బిగుసుకుందని అందరూ సంతోషపడ్డారు. గట్టుమీద పలకలు చీల్చే హుసేనమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. రాయి తీసే దస్తగిరి ఆమె మొగుడు.

"ఎండల్లో లొడలొడలాడిన రాయి ఒక్క ముసురుకే బాగయిందా? ఇయ్యాల దిగబాక."

"రాయే చెప్తాంది గదా."

"రాయి చెప్తే ఇంటావు. నేను చెప్తే ఇనవు."

"రాయి నీ మాదిరి పూటకో మాట మార్చదులే," అన్నాడు దస్తగిరి. మేస్త్రి పకపకా నవ్వాడు.

దస్తగిరి దిగాడు. ఎండ ఎక్కేకొద్దీ నేను జారుతున్నాను. లోపలి బురద నన్ను పట్టి ఉంచలేదు, నూనెలా జార్చింది. అరవాలనుకున్నాను. ఎవరైనా కొడితే తప్ప నాకు గొంతు లేదు. అతను వంగి, కింది రాయి మీద ఉలి ఆనించాడు.

పడ్డాను.

ప్రాణం తీసిన రాయిని అక్కడ పలకలు చెయ్యరు. గొలుసులు కట్టి లాగి వ్యర్థాల గుట్టమీద పడేశారు. హుసేనమ్మకు వేరే పని తెలియదు, మళ్లీ అదే గట్టుకు వచ్చింది. ఒక సాయంత్రం ఆ గుట్ట ఎక్కి, ఆ రాయి ఏదో చూపించమని మేస్త్రిని అడిగింది. అతనికీ గుర్తులేదు. ఆ మాట చెప్పలేక, ఎదురుగా ఉన్న ఒక రాయిని చూపించి తల తిప్పుకున్నాడు.

ఆమె ఆ రాయి మీద చెయ్యి వేసింది.

"పొయ్యేముందు ఏమన్నా అన్నాడా?" అని మెల్లగా అడిగింది.

అన్నాడు. ఆమె పేరన్నాడు. నీళ్లడిగాడు. అది విన్నది నేనొక్కదాన్నే. ఆ రాయికి ఏమీ తెలియదు. చీకటి పడేదాకా ఆమె దాని మీద చెయ్యి తియ్యలేదు. నిలబడింది మాత్రం నా మీద.