స్వయంగా అడిగినచో

కండక్టరుకు నోరే ఆస్తి. రోజంతా స్టాపుల పేర్లు అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరికి వినపడేలా అంటాడు. అలాంటి మనిషి కడుపున నత్తి పిల్ల పుట్టింది. ఆర్నెల్ల కిందట బడివాళ్లు ఆ పిల్లకు వెసులుబాటు పత్రం రాసిచ్చారు. ఓరల్ పరీక్షలో జవాబులు నోటితో చెప్పక్కర్లేదు, రాసి ఇవ్వొచ్చు. అతను రెండు ట్రిప్పుల మధ్య పరుగున వచ్చి సంతకం పెట్టి, గుండెల మీద బరువు దిగిందనుకున్నాడు.

నిన్నటి ఓరల్లో పిల్లకు సున్నా వచ్చింది. రేపు ఆఖరిది. అదీ పోతే మళ్లీ అదే తరగతి, ఈసారి చెల్లెలి పక్కన. 'అప్పుడు నేను బడికి వెళ్లను' అని నోటుబుక్కులో రాసి చూపించింది.

అతను సెలవు పెట్టి, పిల్లను వెంటబెట్టుకుని హెడ్ మేడమ్ గదికి వెళ్లాడు.

"పత్రం ఉంది కదా మేడమ్, మరి రాయనివ్వలేదేం?"

ఆవిడ ఫైలు తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒకచోట వేలు పెట్టింది. 'విద్యార్థిని స్వయంగా అడిగినచో.'

"రాసి చూపిస్తే చెల్లదు, నోటితోనే అడగాలి. అడగలేదండీ. టీచరు పది నిమిషాలు చూసిందట. ఊరికే నిలబడి ఉందట."

అడగలేని పిల్లకే కదా ఈ పత్రం అని అరవబోయి, గొంతులోనే మింగేశాడు. చిరిగిన నోటును దూరం నుంచే పసిగట్టే కళ్లకు సంతకం పెట్టిన రోజు ఆ ఒక్క మాట కనపడలేదు. తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

"ఆ మాట కొట్టేయండి మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కమిటీ కూర్చోవాలి. అది వచ్చే ఏడాదే."

ఆవిడ చెడ్డ మనిషేం కాదు, రూలు దాటితే కాలు విరుగుతుందనుకునే రకం. పిల్ల వైపు చూసి మెత్తబడింది.

"పోనీ, ఇప్పుడు నా ముందు ఒక్కసారి అడగమనండి. రేపటికి కూడా అడిగినట్టే రాసుకుంటాను. మీరు మాత్రం అందించకూడదు."

అందించకుండా ఉండటం అతని వల్ల అయ్యే పనేనా? పిల్ల సగం అనగానే మిగతా సగం తనే అనేస్తాడు. ఇవాళ పళ్లు బిగబట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నే... నే... నేను రా... రా..."

పిల్ల మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. నేను రాస్తాను. ఉన్నవి రెండే మాటలు. అతని నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి, అతను అంటే చెల్లవు. ఫైళ్లతో వచ్చిన గుమాస్తా గుమ్మంలోనే తల దించుకున్నాడు.

నాలుగోసారి పిల్ల ప్రయత్నం మానేసింది. తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఇంటికి వెళ్లిపోదాం" అంది. ఎక్కడా తడబడలేదు. ఆశ వదిలేసుకున్నాక నోటికి అడ్డేముంటుంది.

హెడ్ మేడమ్ ముఖం విప్పారింది. "చక్కగా మాట్లాడుతోందిగా. నేనింకా ఏమో అనుకున్నాను."

పత్రాన్ని దగ్గరికి లాక్కుని, అడుగున తేదీ వేసి, 'ఇక అవసరం లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కలం అతని వైపు చాపింది.

"ఇక్కడ మీరొక సంతకం పెట్టండి."