అద్దాల పెట్టెకు బొట్టు

గోడ మీది పటాన్ని మేకు నుంచి తప్పించి, మైసయ్య రెండు చేతులా గుండెకు ఆనించుకున్నాడు. కాళ్ళ కింద నిచ్చెన కిర్రుమంది. మోతె దగ్గరి దొర గడీలో ఈ పటాలు తుడిచే వెట్టి ఎన్నో ఏళ్ళుగా అతనిదే. ఇన్నాళ్ళూ ఒక్క అద్దం పగల్లేదు. ఇవాళ పగిలితే మాత్రం కొడుకు దక్కడు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం అది. సంఘం ఎర్రజెండా మోశాడని కొడుకు బుచ్చయ్యను పట్టుకొచ్చి ధాన్యం కొట్లో వేశారు. సంఘానికి జడిసి దొర పట్నం పారిపోతున్నాడు. పొద్దున్నే మైసయ్యను పిలిచి చెప్పాడు.

"పటాలన్నీ పగలకుండ పెట్టెల సర్దు. బండి కదిలేలోపు నీ కొడుకు ఇంటికి పోతడు. ఒక్కటి పగిలిందా, సిపాయిలకు అప్పజెప్త."

నిజాం సిపాయిలు వాకిట్లోనే చుట్టలు కాలుస్తున్నారు.

అవి రెండు వందల ఏళ్ళ కింద సముద్రాల అవతల రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలు. ఒకదాంట్లో బుట్టలా ఉబ్బిన గౌనుతో నర్తకి, కాలు ముందుకు చాపి నిలబడింది. ఇంకోదాంట్లో రంగం నిండా మబ్బులు, వాటిలోంచి రథమెక్కి దిగుతున్న దేవత, కింద వాయిద్యగాళ్ళు, రెండు పక్కలా అంతస్తుల గూళ్ళలో కూర్చుని ముచ్చట్లాడుకుంటున్న తెల్లదొరలు.

"ఇది ఒపెరా, మాటలుండయ్, అంత పాటనే," అని దొర చుట్టాలకు చెప్పేవాడు. మైసయ్య లెక్కలో అది భాగోతమే. వెట్టికి రాకముందు అతను చిందు భాగోతంలో ఆడవేషం కట్టినవాడు. అంత రథాన్ని దించడానికి మబ్బుల వెనక తాళ్ళు పట్టి ఎందరు చెమటోడుస్తున్నారో అని తుడిచినప్పుడల్లా జాలిపడేవాడు. గూళ్ళలోని వాళ్ళు ఆటకేసి చూడనే చూడరని ఒళ్ళు మండేది కూడా.

అద్దాలు తాపిన కిరీటాలు ఊరూరా మోసిన చేతులవి. అడుగున వరిగడ్డి పరిచాడు. పటానికీ పటానికీ నడుమ పాత చీర పేలిక పెట్టాడు. ఒక్కో పటం సర్దాక ఆగి కొట్టు వైపు చెవి పెట్టాడు. లోపల కొడుకు దగ్గు వినిపిస్తే మళ్ళీ పనిలో పడ్డాడు.

పొద్దు వాలేసరికి పెట్టె నిండింది. ఒక్క అద్దమూ పగల్లేదు. మైసయ్యకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. ఆ సంతోషంలో చెయ్యి పాత అలవాటుకు పోయింది. వేషాల పెట్టెను బొట్టు పెట్టకుండా చిందోళ్ళు గడప దాటించరు. మొలలోని కుంకుమ పొట్లం విప్పి, తడివేలితో మూత మీద నిండుగా బొట్టు పెట్టి కళ్ళకద్దుకున్నాడు.

దొర వచ్చి ఆ ఎర్ర గుర్తు చూశాడు. మొహం పాలిపోయింది.

"దారిల మీ సంఘపోళ్ళు బండిని ఆనవాలు పట్టాల్నని పెట్టినవా?"

"కాదు దొరా! మా ఆటల పెట్టెకు గిట్లనే బొట్టు పెడ్తం. నీ కాల్మొక్త, తుడిచేస్త."

తువ్వాలతో గబగబా తుడిచాడు. ఎరుపు చెక్కంతా పరుచుకుంది.

దొర సిపాయిల వైపు చూసి తల ఊపాడు. పెరటి తలుపు చప్పుడైంది. కాసేపటికి గడీ వెనక మెట్ట చెలకల వైపు తుపాకీ ఒక్కసారి పేలింది. పటాల బండి సూర్యాపేట దారి పట్టింది.

మైసయ్య కొట్టు దగ్గరికి నడిచాడు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల వడ్ల బస్తాల పక్కన, ఇంటికి పోయేవాడు మడిచినట్టు అంచుకు అంచు కలిపి మడిచిన గొంగడి ఉంది.