పంకా తాడు

జకర్యా తాడుకు ఇప్పనూనె పట్టిస్తున్నాడు. గుడ్డముక్కను నూనెలో ముంచి, గోడకన్నం దగ్గర మొదలుపెట్టి కిందిదాకా మెల్లగా రుద్దుతున్నాడు. అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి. కుడి చీలమండ చుట్టూ తాడు ఒరిసి ఒరిసి నల్లటి కడియం లాంటి మచ్చ పడింది. తాడు చివర జారుముడి వేసిన ఉచ్చు ఉంది. దాన్ని తన కాలికి సరిపడా వదులు చేసి మేకుకు తగిలించాడు.

తాడు అవతలి కొస గుడిలోపల ఉంది. దుమ్ముగూడెం బజారులోని ఈ దొరల కాలపు ఏసు గుడిలో, టేకు దూలం కింద ఒక పొడుగాటి చెక్క, దానికి తెల్లగుడ్డ కుచ్చులు. అదే పంకా. బయట వరండాలో కూర్చుని తాడు లాగితే లోపలివాళ్లకు గాలి ఆడుతుంది. లాగేవాడికి ఉత్త చెమటే! తాత, తండ్రి, తను, ముగ్గురూ ఆ తాడు లాగినవాళ్లే. ఆ గాలి ఎట్లా ఉంటుందో ముగ్గురిలో ఒక్కడికీ తెలియదు.

గుడి కట్టించిన దొర గోదావరి ఆనకట్ట పనికి వచ్చినవాడట. మొదటి ఎండాకాలంలోనే ఆయన చిన్నబిడ్డ మన్యం జ్వరంతో పోయింది. శవపెట్టె ముందు ప్రార్థన జరిగినంతసేపూ దొర పంకా ఆపనివ్వలేదు, బిడ్డకు ఉక్కపోస్తుందని. ఆ తర్వాత ఒక కూలీ శవం వస్తే దానికీ లాగమన్నాడు. అప్పటినుంచి అదే ఆనవాయితీ. కరెంటు వచ్చాక బతికున్నవాళ్లకు ఫ్యాన్లు, చచ్చినవాళ్లకు పంకా అయింది. శవం గేటు దాటేదాకా లాగాలి.

ఇంకో పని కూడా ఉంది, అది ఎవరూ అప్పజెప్పింది కాదు. పొద్దు వాలేటప్పుడు ఒక్కోసారి తాడు దానంతట అదే వణుకుతుంది. గుడి వెనక దొరబిడ్డ సమాధి ఉంది, మూరెడు రాయి. జకర్యా అటు చూసి, "ఉక్కపోస్తాందా బిడ్డా? ఆగు, లాగుతున్న" అని కాసేపు లాగుతాడు. వణుకు ఆగిపోతుంది. భార్య లిదియా ఉన్నన్నాళ్లూ "నీకు పిచ్చి లేసిందయ్యా" అని తిట్టేది. ఆమె పోయినప్పుడూ తనే లాగాడు. గోడకు ఇవతల కూర్చుని, ఆఖరి ప్రార్థనలో ఆమె మొహమైనా చూడలేక, వెక్కి వెక్కి ఏడుస్తూ లాగాడు.

పాస్టరు శాంతికుమార్ వరండాలోకి వచ్చాడు. ఆ రోజు శవం హెప్సిబా సిస్టరుది. అడవి గూడేలన్నీ తిరిగి పురుళ్లు పోసిన నర్సు ఆమె.

"తాతా, ఇయ్యాలతోనే ఆఖరు. దూలానికి చెదలు పట్టింది. రేపు వడ్రంగులొచ్చి పంకా దించుతరు. ఎవరి నెత్తిన పడ్డా కష్టమే కద."

కాదనడానికేముంది? పంకా తగిలించిన చోట వేలితో నొక్కితే పొడి రాలుతోంది.

"మరి నేను పోయిన్నాడెట్ల అయ్యగారూ?"

"ఫ్యాను ఏస్తం తాతా."

"కరెంటు పోతే?"

"నువ్ నూరేండ్లుంటవ్ తీ." పాస్టరు నవ్వబోయి, ముసలాయన మొహం చూసి ఆగిపోయాడు.

"అందరికి లాగిన. నాకొక్కనికే గాలాడకుంట పోవాల్నా?" అనేసి జకర్యా సిగ్గుపడి నూనెగిన్నె తీసి పక్కన పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం శవాన్ని తెచ్చారు. రోహిణి కార్తె ఎండ, వరండా బండలు కాలిపోతున్నాయి. జకర్యా పీట మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, ఉచ్చు కాలికి తగిలించుకున్నాడు. లోపల పాట ఎత్తుకున్నారు. పంకా కిర్రుకిర్రుమంటోంది. తాడు ఎన్నడూ లేనంత బరువుగా ఉంది.

"ఏంది సిస్టరూ, ఇంక పోబుద్ధయితలేదా? సల్లగ పో తల్లీ" అన్నాడు నవ్వుతూ.

పాట గేటు దాటింది, బజారు దాటింది, గోదావరి గట్టు మీది కొత్త సమాధుల తోట వైపు వెళ్లిపోయింది. గుడి ఖాళీ. జకర్యా కాలు ఆపాడు. తాడు ఆగలేదు. లోపలినుంచి ఎవరో చిన్నగా లాగారు, వదిలారు, మళ్లీ లాగారు.

"నువ్వేనా బిడ్డా?" అన్నాడు జకర్యా. "రేపటికెల్లి ఈ పంకా ఉండదంట. నీకు గాలెవరు ఆడిస్తరో ఏమో." తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నాకు గూడ" అన్నాడు. కళ్లు మూసుకుని మళ్లీ కాలు కదిపాడు.

పాస్టరు సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి జకర్యా గోడకు ఆనుకునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అంత ఎండలోనూ ఒళ్లు చల్లగా ఉంది. ఉచ్చు మాత్రం కాలికి లేదు. ఎవరో తీసి మేకుకు తగిలించినట్టుంది.

మర్నాడు వడ్రంగులు వచ్చారు. సాయంత్రం దాకా ఆగమని పాస్టరు వాళ్లను బతిమాలాడు. జకర్యాను పంకా కింద పడుకోబెట్టారు. తాడు లాగేవాడే లేడు కనుక ఫ్యాన్లు వేశారు. ప్రార్థన మొదలయిందో లేదో, కరెంటు పోయింది! ఫ్యాన్లు ఒక్కొక్కటే నీరసంగా నిలిచిపోయాయి. గుడంతా ఉడికిపోతోంది. పాస్టరుకు ముసలాయన మాట చురుక్కుమంది. బైబిలు పక్కన పెట్టి, తనే వెళ్లి లాగుదామని అడుగు వేశాడు.

పైన కిర్రుమంది.

పంకా కదిలింది. ముందు తడబడుతూ, కొత్తగా నేర్చుకునేవాళ్లు లాగినట్టు. తర్వాత సాఫీగా సాగింది. జకర్యా నుదుటి మీద నెరిసిన వెంట్రుకలు లేచి పడ్డాయి. అమ్మయ్య, ఎవరో పుణ్యాత్ములు వెళ్లి కూర్చున్నారనుకున్నాడు పాస్టరు. కళ్లు తుడుచుకుని వాక్యం చదివాడు. శవం గేటు దాటేదాకా పంకా ఆగలేదు.

లాగినవాళ్లకు ఒక మంచిమాట చెప్పాలని ఆయన గేటు దగ్గరే వెనుదిరిగి వరండాలోకి వచ్చాడు. అక్కడ ఎవరూ లేరు. పీట మీద జకర్యా తువ్వాలు మడత చెదరకుండా ఉంది. మేకు మీదినుంచి దిగిన ఉచ్చు ఇంకా మెల్లగా ఊగుతోంది. ఇప్పనూనెతో నిగనిగలాడుతున్న ఆ జారుముడి ఎవరో బిగించినట్టు దగ్గరకు జరిగి, ఒక పసిబిడ్డ కాలు పట్టేంత చిన్నదై ఉంది.