గాలి చెప్పే మనిషి

వేయించిన పంది మాంసం ముక్కలను రొట్టెల మధ్య సర్ది, కాగితం చుట్టి సంచిలో పెట్టేసరికి ఆదివారం ఉదయం ఆరున్నర అయింది. ఆ రోజు తుపాకీ పోటీకి కావలసిన తూటాల పెట్టె అప్పటికే కారులో ఉంది. వారమంతా బడి వంటశాలలో మూడు వందల మందికి వండి వచ్చి, సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గరే కూర్చుని యార్మిలా ఆ తూటాలు తయారుచేసింది. ప్రతి ఇత్తడి గుల్లలోనూ తుపాకీ మందు తూచి పోయాలి. రవ్వంత తేడా వచ్చినా ఎనిమిది వందల మీటర్ల అవతల గుండు గురి తప్పుతుంది. "నీ చేతులు కుట్టుపనికి పుట్టాయే," అంటాడు లుబోష్. భర్త తనను పొగుడుతున్నాడనే చాలా ఏళ్లు అనుకుంది.

పోటీల్లో ఇద్దరూ ఒక జట్టు. అతను కాలుస్తాడు, ఆమె పక్కన పడుకుని దుర్బిణిలోంచి చూస్తూ గాలి చెబుతుంది. గడ్డి ఎటు వాలింది, ఎండ సెగ ఎటు పారుతోంది, గురి ఎంత పక్కకు జరపాలి. తొంభై సెకన్లలో చెక్క అడ్డు మీంచీ, టైరు మీంచీ, నిచ్చెన మెట్టు మీంచీ తుపాకీ ఆనించి కొట్టాలి. దూరాన ఇనుప పలక మోగితే "కొట్టాను" అంటాడు. మోగకపోతే "ఇది తప్పు చెప్పింది" అంటాడు, అందరికీ వినబడేలా. ఇంటికి వచ్చి గ్యారేజీ తలుపు వేశాక అదే సంగతి మళ్లీ చెబుతాడు, ఈసారి మాటలతో కాదు. దెబ్బలన్నీ బట్టలు కప్పే చోటే పడతాయి. ఒకసారి అత్తగారి కంటపడ్డాయి. "పోటీలంటే వాడికి నిద్ర ఉండదు. నువ్వే ఆ గాలేదో కాస్త చూసి చెప్పొచ్చుగా," అంది బంగాళాదుంపల తొక్క తీస్తూ.

మార్చిలో ఒకరోజు, పాత రాతిక్వారీలో సాధన మధ్య లుబోష్ ఫోను మాట్లాడుతూ పక్కకు వెళ్లాడు. క్లబ్బు శిక్షకుడు హినెక్ ముసలాయన. "గాలి చెప్పేది మీరేగా, ఒకసారి కొట్టండి చూద్దాం," అన్నాడు. ఐదు కొట్టింది. ఐదూ మోగాయి. వెనక్కి వచ్చిన లుబోష్ నవ్వాడు. "లాటరీ తగిలిందే నీకు. లే, తుపాకీ వేడెక్కుతుంది."

ఆ తర్వాత, అతను డ్యూటీలో ఉండే గురువారాల్లో, క్లబ్బు తుపాకీతో హినెక్ దగ్గర సాధన మొదలుపెట్టింది. గుండు ఎక్కడ తగిలిందన్నది తర్వాతి మాట. ఊపిరి వదిలి, వేలు కదిలే ముందు ఆగే ఆ రెండు క్షణాల కోసం వెళ్లేది. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో తన ఊపిరి కూడా ఎవరో వింటున్నట్టే బతికింది. తలుపు చప్పుడు ఎలా ఉంది, బూట్లు ఎంత గట్టిగా విడిచాడు, ఈ రోజు గాలి ఎటు. ఇంత బాగా గాలి చదవడం ఎక్కడ నేర్చారని హినెక్ అడిగితే నవ్వేసింది. ఆ నవ్వు తనకే అసహ్యంగా తోచింది.

శరత్కాలపు పోటీకి పేరు ఇవ్వాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకు డాక్టరు సంతకం కావాలి. చొక్కా విప్పించి ఊపిరితిత్తులు వింటున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"ఈ భుజం?"

"తుపాకీ తన్నింది. నిచ్చెన మీద సరిగ్గా ఆనించలేదు."

"పక్కటెముకల మీద?"

 ఇక్కడ నిజం చెబితే పోలీసులు వచ్చి లుబోష్ తుపాకుల బీరువా ఖాళీ చేసుకుపోతారు. బహుశా తన కాగితమూ ఆగిపోతుంది. గురువారాలు ఉండవు. ఈ సాయంత్రం ఏ ఇంటికి వెళ్లాలో కూడా తెలియదు. అబద్ధం చెబితే సంతకం ఇప్పుడే దొరుకుతుంది. మెట్ల మీంచి పడ్డానన్న మాట నోటి దాకా వచ్చింది, అలవాటైన మాట. యార్మిలా ఊపిరి నెమ్మదిగా వదిలింది.

"భుజం మీదిదొక్కటే తుపాకీ చేసింది. మిగతావన్నీ మా ఆయన చేశాడు. రాసుకోండి."