గేటు ముందరి కుర్చీ

కరెంటు పోకముందే ఇస్త్రీ ముగించాలని ఉమారాణి తొందరపడుతోంది. నీలం చొక్కా, నల్ల ప్యాంటు, భుజం మీద సెక్యూరిటీ ఏజెన్సీ గుర్తు. వచ్చే సోమవారం నుంచి ఆమె భర్త శ్రీశైలం బెంగుళూరులో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర తొడుక్కోవలసిన బట్టలు అవి.

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటి తిరుపతమ్మ ఆ చొక్కాను మురిపెంగా చూసింది.

"నీ అదృష్టం మంచిది వదినా. మిలిట్రీల కెల్లి తిరిగొచ్చినా మళ్ల నౌకరి దొరికె. ఎండల పోవుడు లేదు, వానల తడుసుడు లేదు. గేటు ముందర కుర్చీల కూసునుడే."

ఆ మాటలో చెడు లేదు. మనందరం అనే మాటే. సైన్యం నుంచి ఒక మనిషి ఊరికి తిరిగి వచ్చాడంటే మన కళ్లకు వెంటనే కనిపించేది బ్యాంకు గేటో, కాలేజీ గేటో, ఫంక్షన్ హాలు గేటో. గేటు అవతల కూడా అతనికి పని ఉండవచ్చునని మనం ఎప్పుడైనా అనుకున్నామా?

ఉమారాణి కూడా అనుకోలేదు. ఆమె దిగులు వేరు. పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్తను సెలవుల్లోనే చూసింది. కూతురు అక్షిత చిన్నప్పుడు తండ్రి వస్తే తలుపు చాటుకు పోయేది. ఇప్పుడు ఆ పిల్లే నాయిన జడ వేస్తే తప్ప బడికి పోనంటోంది. వేసిన జడ వంకరగా ఉన్నా అలాగే పోతుంది. కాపురం ఇప్పుడే మొదలైనట్టుంది, ఇంతలోనే మళ్లీ బెంగుళూరు.

ఇక్కడే ఏదైనా దొరుకుతుందేమోనని శ్రీశైలం తిరగకపోలేదు. వెళ్లిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, "సైన్యంలో ఏం చేశావు?" అతనిది ఒకటే జవాబు, "డ్యూటీ చేసిన సార్." ఏం డ్యూటీ అని అడిగితే, "ఇచ్చిన డ్యూటీ సార్." వాళ్లు అతని ఎత్తు చూసి, తుపాకి లైసెన్సు ఉందా అని అడిగి, గార్డు పని ఇస్తామనేవారు. ఉమారాణి అడిగినా అదే జవాబు చెప్పేవాడు. పటాలంలో మనిషి తన పని గురించి తాను చెప్పుకోడు. అది అక్కడ మర్యాద. ఇంటికి వచ్చాక అదే మర్యాద అతని నోరు కట్టేసింది.

బెంగుళూరు పోయేదాకా ఊరికే ఉండలేక, ఊరి పక్కన కాలువ నీళ్ల పైపులు నిలువ చేసిన యార్డు గేటు దగ్గర కాపలాకు కూర్చుంటున్నాడు. మెట్ట చేలకు నీళ్లు తెచ్చే పైపులైను అది. కొత్తకోట వైపు నుంచి ఊరి దాకా వచ్చి, పీర్ల చావిడి ముందర ఆగిపోయింది.

జరిగింది ఇదీ. చావిడి ముందు పీర్ల పండుగకు నిప్పులు రాజేసే గుండం ఉంది. ఏడాదంతా అది మామూలు పల్లపు నేలలాగే కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన లారీ డ్రైవరు దాని మీద రాళ్లూ మట్టీ కుమ్మరించాడు. సంగతి తెలిసి సైటు ఇంజినీరు పద్మజ పరుగున వచ్చింది. నాగర్‌కర్నూల్ అమ్మాయి, మంచి మనిషి. ఒక్క పూటలో జేసీబీ పెట్టించి, ఆ మట్టి ఎత్తించి, గుండాన్ని లోతుగా తవ్వించి, చుట్టూ రాళ్లతో సిమెంటు కట్టు కూడా కట్టించింది.

మరునాడు ఊరంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. పని కదలకపోతే పోలీసులను పిలుస్తామని కంపెనీ పై అధికారుల నుంచి మాట వచ్చింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన శ్రీశైలం అడిగాడు, "గుండం మంచిగనే చేసిచ్చిరి గద ఉమా. మళ్ల ఎందుకంట కోపం?"

"నాకేం తెల్సు? చావిడి పెద్ద ఉశేనప్ప మామ అయితే నిన్నటి సంది అన్నం ముడతలేడంట."

శ్రీశైలం ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. "అన్నం తింటలేడా? అయితే అది కోపం గాదు, బాధ. జర చాయ్ పెట్టు, ఎక్కువనే పెట్టు. నువ్వు గూడ రా."

దారిలో యార్డు దగ్గర ఆగి, తాను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీని భుజాన వేసుకున్నాడు. ఉమారాణి చాయ్ గిన్నెతో వెనకాల నడిచింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లలోంచి సత్తెమ్మ అంది, "వచ్చిండమ్మా కంపెనీ సిపాయి. గేటు జీతం తినెటోడు కంపెనీ పాటనే పాడ్తడు."

"పాట నాకు రాదు చిన్నమ్మా. చాయ్ తాగనీకి వచ్చిన," అన్నాడు శ్రీశైలం. కొందరు నవ్వారు.

కుర్చీలో ఉశేనప్పను కూర్చోబెట్టి, తాను కింద మట్టిలో కూర్చున్నాడు. గుండం మాట ఎత్తలేదు. మోకాళ్ల నొప్పి ఎట్లుందన్నాడు. పుణెకు పనికి పోయిన కొడుకు ఫోను చేస్తున్నాడా అన్నాడు. ముసలాయన ముక్తసరిగా చెప్పాడు. తర్వాత ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. ఏదో ఒకటి అడిగెయ్యరాదా అని ఉమారాణి మనసు కొట్టుకుంది. భర్త మాత్రం కదల్లేదు. అంత ఓపికగా ఊరుకోవడం కూడా ఒక పనేనని ఆమెకు అప్పుడే తోచింది.

చాయ్ సగం తాగాక ముసలాయన నోరు విప్పాడు.

"కొడుకా, పండుగ నెలవంక కనవడ్డ నాడు గుండం తవ్వే మొదలు కుదాలి దెబ్బ మా ఇంటిదే పడాలె. మా తాత ఏసిండు, మా నాయిన ఏసిండు, నేను ఏస్తున్న. దానికోసమే గద నాకు పీరు పేరే ఉశేనప్ప అని పెట్టిరి. ఇప్పుడు మిషన్ తవ్విపాయె. నా కుదాలి ఏడ పడాలె?"

"మరి మేడంకు చెప్పకపోతివి, పెదనాయినా?"

"ఆమె అడిగితే గద చెప్పేది. గుంత పూడిందంటే గుంత తీసింది. మంచి పిల్లనే. తిట్టబుద్ధి కాలేదు. అందుకే ఉత్తగ రోడ్డు మీద కూసున్నం."

"ఏం జేస్తే నీ మనసు కుదుటవడ్తది?"

ముసలాయన గుండం చుట్టూ ఉన్న కట్టును వేలితో చూపించాడు. "ఆ సిమెంటు తీసెయ్యిర్రి. ఎర్రమట్టితోని నింపుర్రి. నెల కనవడేదాంక దాని జోలికి పోవద్దు."

శ్రీశైలం పద్మజ దగ్గరికి వెళ్లి, జీపు వద్దని, నడిచి రమ్మని కోరాడు. ఆమె వచ్చింది. హెల్మెట్ తీసి, ఉమారాణి పక్కన మట్టిలోనే కూర్చుని అంతా విన్నది. "బాగు చేశాననుకున్నా తాతా. మిమ్మల్ని అడగాల్సింది," అంది.

"ఇప్పుడు అడిగినవ్ గద బిడ్డా. చాయ్ చల్లారుతుంది, తాగు."

ఆ సాయంత్రం సిమెంటు కట్టు తీసి, గంపలతో ఎర్రమట్టి మోసిన వాళ్లలో కంపెనీ కూలీలున్నారు, సత్తెమ్మ కూడా ఉంది. పండుగ అయ్యేదాకా పైపుల పని అవతలి కొస నుంచి సాగించాలని ఒప్పందమైంది. ఉశేనప్ప ఇంటికి పోయి జొన్నరొట్టె తిన్నాడని కబురు వచ్చింది.

పద్మజ శ్రీశైలాన్ని అడిగింది, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

"డ్యూటీల, మేడం."

ఉమారాణి ఇక ఉండబట్టలేకపోయింది. "ఏం డ్యూటీ? గింత కాలం నేనడిగినా గదే మాట. ఇయ్యాలన్న జర ఇప్పి చెప్పు."

అతను సిగ్గుపడుతూ మొదలుపెట్టాడు. కశ్మీరు కొండల ఊళ్లలో జనంతో మాట్లాడే జట్టులో ఉన్నాడట. మంచు పడి దారి మూసుకుపోతే గర్భిణులను దవాఖానకు చేర్చడం, బడి తెరిపించడం, పెళ్లి ఊరేగింపు చెక్‌పోస్టు దగ్గర ఆగకుండా ముందే పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవడం. శాంతి దళంలో ఆఫ్రికా పోయినప్పుడు, ఒకే నీటి పంపు కోసం కొట్టుకుంటున్న రెండు గూడేలను ఒకచోట కూర్చోబెట్టడం.

"గీ ముచ్చట్లు ఈడ ఎవరికి పనికొస్తయి మేడం?" అన్నాడు చివరకు.

"మాకే పనికొస్తాయి. పైపు వెళ్లే ప్రతి ఊళ్లోనూ ముందుగా పోయి కూర్చునే మనిషి లేక మా పనులు ఆగుతున్నాయి. వరదలప్పుడు సహాయ శిబిరాలు నడిపేవాళ్లకు, ముంపు ఊళ్ల వాళ్లకు కొత్త ఇళ్లు చూపేవాళ్లకు, పెద్ద దవాఖానల్లో పరేషాన్‌లో ఉన్న రోగుల చుట్టాలతో మాట్లాడేవాళ్లకు కూడా ఇలాంటి మనిషే కావాలి. ఉద్యోగం నా చేతిలో లేదు. వనపర్తి ఆఫీసులో మాట్లాడే ఏర్పాటు చేస్తాను. అక్కడ మాత్రం డ్యూటీ చేసిన అని ఊరుకోవద్దు."

ఇంట్లో ఉమారాణి కుట్టుమిషన్ వెనుక పెద్ద ఆఫీసరులా కూర్చుంది. "సైన్యంలో ఏం చేశావు?"

"డ్యూ..." అనబోయాడు శ్రీశైలం. ఆమె కొలత టేపు ఝళిపించింది. అక్షిత పకపకా నవ్వింది. అతను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి కొండలూ, మంచూ, మనుషులూ అన్నీ వచ్చాయి. వింటూ వింటూ ఉమారాణి కళ్లు తుడుచుకుంది. అన్నేళ్లుగా ఉత్తరాల్లో, ఫోన్లలో తనకు దొరకని భర్త ఇప్పుడు ఎదురుగా కూర్చున్నాడు.

వనపర్తిలో వాళ్లు అతని మాటలు చాలాసేపు విన్నారు. ఊళ్లలో జనంతో మాట్లాడే పని ముందు పండుగ దాకా చేసి చూడమని, తర్వాత పర్మినెంటు చేస్తామని చెప్పారు. ఆదివారం బెంగుళూరు బస్సు అతను లేకుండానే పోయింది. నీలం చొక్కాను ఉమారాణి మడత నలగకుండా ఏజెన్సీకి తిప్పి పంపింది.

నెలవంక కనిపించిన సాయంత్రం చావిడి ముందు ఊదు పొగ లేచింది. ఉశేనప్ప రెండు చేతులతో కుదాలి ఎత్తి మొదటి దెబ్బ వేశాడు. మెత్తటి ఎర్రమట్టిలో అది సులువుగా దిగింది. పద్మజకు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెట్టి, తన కోసం అక్కడే ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లతో ఆయన అన్నాడు:

"సిపాయి ఇంటికొస్తే మనం ఆయన ఎత్తు చూస్తిమి, మీసం చూస్తిమి, గేటు ముందర కుర్చీ ఏసిస్తిమి. గట్ల చెయ్యకుర్రి. ముందుగాల పక్కన కూసోబెట్టుకొని, ఏం పని నేర్చుకొని వచ్చినవ్ కొడుకా అని అడుగుర్రి."