అయ్యన్న టెంకాయకు పరీక్ష

పత్తికొండ చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు అయ్యన్న రావాలి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళుంటే అది లేచి నిలబడుతుంది. ఆ టెంకాయతో తాను బస్సెక్కితే, నీళ్ళున్న చోటల్లా డ్రైవరు తొక్కకుండానే బ్రేకు పడేదని కూడా ఆయనే చెప్పుకున్నాడు. మర్నాడు బొజ్జన్న చేనులో పాయింటు చూపాలి. పాపం, బొజ్జన్న ఎద్దులమ్మి బోరు బండిని మాట్లాడుకున్నాడు.

దానికి ముందురోజు మనవరాలు రమణి ఆయన్ను బడికి లాక్కుపోయింది. టెంకాయకు నీళ్ళెట్లా తెలుస్తాయని సైన్సు క్లాసులో అడిగిందట. ప్రేమజ్యోతి మేడమ్ జవాబు చెప్పకుండా, "తెలుసుకునే దారి మీరే వెతకండి" అందట.

పిల్లలు పది మట్టికుండలకు మూతలు పెట్టి వరసగా ఉంచారు. ఐదింటిలో నీళ్ళు, ఐదు ఖాళీ.

"మున్నూరు అడుగుల లోతు చూసేటోనికి కుండలు పెడతాండారా!" అంటూ అయ్యన్న నడిచాడు. ఐదుచోట్ల టెంకాయ లేచింది. ఐదూ నీళ్ళ కుండలే!

రమణి కుండలను తడిమి చూసింది. "నీళ్ళ కుండలు చెమరిచినాయి తాతా. నువ్వు చూసినావేమో. కళ్ళకు తువ్వాలు కట్టుకో."

కుండల వరస మార్చారు. ఈసారి టెంకాయ నాలుగుచోట్ల లేచింది. మూడు ఖాళీవి.

"టెంకాయకు నిద్రొచ్చిందిలే!" అన్నాడు అయ్యన్న.

"లేపి మళ్ళీ చూద్దామా?" అంది మేడమ్.

మళ్ళీ అంతే. అయ్యన్న పిల్లలతో పాటు నవ్వాడు గానీ టెంకాయను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తాను ఎవరినీ మోసం చేయలేదు. చెయ్యి ఎప్పుడు కదిలిందో తనకే తెలీదు.

తెల్లారి బొజ్జన్న చేనులో ఆయనే తువ్వాలు కట్టుకున్నాడు. "టెంకాయ లేచిన చోట రాయి పెట్టు రమణీ" అని మూడుసార్లు తిరిగాడు. విప్పి చూస్తే మూడు రాళ్ళు మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఒకటైతే గట్టు దాటి దేవేంద్రప్ప చేనులో పడింది!

"యాడ వేయమంటావు మామా?" అన్నాడు బొజ్జన్న.

"నా మాట మీద వేయొద్దప్పా. భూగర్భ జలాల ఆఫీసుకు పో. మిషను పెట్టి చూస్తారు."

"ముప్పై ఏండ్లుగా చూస్తివి కదా!"

"నీళ్ళు పడినవే చెప్పుకుంటి. పడనివి ఎన్నో ఎవరూ అడగలే."

రమణి నోటుబుక్కు తెరిచింది. "నేను అడుగుతాండా. మొదటిది ఎవరి చేను తాతా?"

అయ్యన్న గట్టు మీద కూర్చొని తల గోక్కున్నాడు.

"మీ అవ్వ పుట్టింటోళ్ళది. ఉత్త దుమ్మే లేచింది. రాసుకో. అది మాత్రం మీ అవ్వ ఇంకా మర్చిపోలేదు."